పంపు కొనే ముందు, బిడ్డా

బిడ్డా, నువ్వు ఇన్సులిన్ పంపు పెట్టించుకోవాలనుకుంటున్నావని, దానికోసం నెల్లుట్ల బాటనున్న అరెకరం బేరానికి పెట్టాలని మీ బాపు ఆలోచన చేస్తున్నాడని తెలిసింది. పదేండ్ల నుంచి రోజుకు నాలుగు సూదులు పొడుచుకుంటూ చదువు సాగిస్తున్న పిల్లవు. ఇంకాస్త సుఖంగా బతకాలని అడిగే హక్కు నీకు నిండా ఉంది. ఆ కోరికను ఎవరైనా షోకు అంటే ఆ మాట చెవిన పెట్టకు. పంపు మంచి వస్తువే. అయితే భూమి కాగితాల మీద సంతకం పడకముందే నా మాట నిదానంగా చదువు. సర్కారు దవాఖానలో ఫార్మసిస్టుగా బతుకంతా మందులు ఇచ్చిన మనిషిని. మోతాదులు చెప్పేది మీ డాక్టరమ్మ, ఆ పనిలో నేను వేలు పెట్టను. ఏ వస్తువు మన లింగాల ఘనపూర్‌లో నిలబడుతుంది, ఏది రెండేండ్లకు అల్మారాలో పడి ఉంటుంది అనేది మాత్రం పెద్దబాపుగా చెప్పగలను.

ముందు ఆ యంత్రం చేసే పనేమిటో సరిగ్గా తెలుసుకో. చర్మం కింద ఉండే సెన్సార్ ఐదు నిమిషాలకోసారి గ్లూకోజ్ ఎంతుందో చూసి బ్లూటూత్‌తో పంపుకు చెప్తుంది. పంపులో ఉన్న ప్రోగ్రాం ఆ అంకె ఎటు పోతున్నదో లెక్కకట్టి ఇన్సులిన్‌ను పెంచుతుంది, తగ్గిస్తుంది, పడిపోయేలా ఉంటే ఆపేస్తుంది. ఈ తరహాలో మొదటిది మెడ్‌ట్రానిక్ కంపెనీ మినిమెడ్ 670జి. దానికి 2016 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. దాని తర్వాతి తరం 780జి మన దేశంలో కొన్నేండ్లుగా దొరుకుతున్నది. నీకు హైదరాబాద్‌లో చూపించింది అదే అయి ఉంటుంది. దానికి 100, 110, 120 అంకెల్లో ఒకదాన్ని లక్ష్యంగా పెడతారు. షుగర్ పెరుగుతుంటే తనంతట తానే చిన్న చిన్న మోతాదులు ఇస్తుంది.

నీ స్నేహితురాళ్లకు తెలియనిది, మీ అమ్మకు బాగా తెలిసినది ఒకటుంది. రాత్రి రెండు గంటలకు లేచి నీ నుదుటి మీద చెమట పట్టిందేమోనని తడిమి చూసే ఆ భయం. ఈ యంత్రం అన్నిటికన్నా ఎక్కువ తగ్గించేది దాన్నే. 2019లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. అది టాండెమ్ అనే మరో కంపెనీ కంట్రోల్-ఐక్యూ పంపు మీద జరిగింది. 168 మందిని ఆరు నెలలు చూశారు. ఆటోమేటెడ్ పంపు వాడినవాళ్ల షుగర్ 70 నుంచి 180 మధ్య ఉన్న సమయం 61 శాతం నుంచి 71 శాతానికి పెరిగింది. అంటే రోజుకు సుమారు రెండున్నర గంటలు అదనంగా మంచి హద్దులో గడిచాయి. ఆ తేడా రాత్రిపూట, తెల్లవారుజామున ఎక్కువగా కనిపించింది. రెండున్నర గంటలంటే తక్కువనుకోకు. ప్రతి రోజూ, ఏండ్ల తరబడి అంటే కండ్లకు, కిడ్నీలకు అది చాలా పెద్ద లాభం. అయితే 71 శాతమంటే మిగిలిన 29 శాతం సమయం ఇంకా హద్దు బయటే ఉంది. ఆ భాగం నీ చేతిలో ఉంది. అందుకే ఈ పంపులను హైబ్రిడ్ అంటారు. అన్నం తినబోతున్నానని, ఎంత తింటున్నానని పంపుకు నువ్వే చెప్పాలి, అదీ ముద్ద నోట్లో పెట్టడానికి పది పదిహేను నిమిషాల ముందే. మనం ఎక్కించుకునే ఇన్సులిన్ పని మొదలుపెట్టడానికి అంత సమయం పడుతుంది. ఎంత తెలివైన పంపయినా ఆ ఆలస్యాన్ని దాటలేదు.

ఇక్కడ నిన్ను కాస్త గట్టిగా అడుగుతాను. నీ కంచంలో పిండిపదార్థం ఎన్ని గ్రాములుందో నువ్వు చెప్పగలవా? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు తిండి పదార్థాల పోషకాల పట్టికలు అచ్చువేసింది. వాటి ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, 100 గ్రాముల జొన్నల్లో 68 గ్రాముల దాకా. మన ఊర్లలో జొన్నరొట్టె తింటే షుగర్ పెరగదనే నమ్మకం గట్టిగా ఉంది కదా. జొన్నలో పీచు ఎక్కువ, కొంత నెమ్మదిగా అరుగుతుంది, మంచిదే. కానీ 40 గ్రాముల పిండితో కొట్టిన రొట్టెలో 27 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. రెండు రొట్టెలు తిని పంపుకు సున్నా అని చెప్తే గంటన్నరలో అది నీ మీద గోల పెడుతుంది. సకినాలు, సర్వపిండి, మక్క గారెలు మరీ కష్టం. నూనె ఎక్కువ పడినవి కాబట్టి షుగర్ వెంటనే పెరగదు, మూడు గంటల తర్వాత నింపాదిగా ఎక్కుతుంది. సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలు తిని, చప్పట్లు కొడుతూ రాత్రి దాకా ఆడితే బెల్లం ఒక దిక్కు పెంచుతుంది, ఆట ఒక దిక్కు తగ్గిస్తుంది. ఆ రోజుల కోసమే 780జిలో లక్ష్యాన్ని తాత్కాలికంగా 150కి పెంచే సౌకర్యం ఉంది. ఆట మొదలయ్యాక పెడితే పెద్దగా ఉపయోగం ఉండదు, గంట రెండు గంటల ముందే పెట్టుకోవాలి. జీడికల్ జాతరకు నడిచిపోయే రోజైనా అంతే. ఇవన్నీ పంపు వచ్చాక నేర్చుకోవచ్చులే అనుకోకు. ఇంట్లో చిన్న తూకం మిషన్ పెట్టుకుని, వండకముందు బియ్యం, పిండి తూచి రాసుకునే అలవాటు ఇప్పటి నుంచే మొదలుపెట్టు. సూదులతో ఉన్నా ఈ లెక్క నీకు పనికొస్తుంది. పంపుతో అయితే ఇది లేకుండా గడవదు.

ఇంకొకటి ఉంది, కంపెనీ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, నేను పెద్ద అక్షరాల్లో చెప్తాను. ఇప్పుడు నువ్వు రాత్రి వేసుకునే ఇన్సులిన్ నెమ్మదిగా పనిచేస్తూ రోజంతా ఒంట్లో ఉంటుంది. పంపులో అది ఉండదు. పంపు ఇచ్చేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే, అది కొన్ని గంటల్లో అయిపోతుంది. చర్మం కింది సన్న గొట్టం మడతపడినా, అతుకు ఊడి బయటికి వచ్చినా, గొట్టంలో గాలి బుడగ చేరినా నీ ఒంటికి ఇన్సులిన్ అందడం ఆగిపోతుంది. కొన్ని గంటల్లోనే ఒంటికి ప్రమాదమైన కీటోన్లు పెరగడం మొదలవుతుంది. చెమట కారే కాలంలో, పత్తి చేన్ల అమ్మకు సాయం పోయిన రోజున అతుకు ఊడడం ఏమంత వింత కాదు. కాబట్టి పంపు ఉన్నవాళ్ల సంచిలో ఎప్పుడూ ఇన్సులిన్ పెన్ను, సూదులు, ఒక కొత్త ఇన్ఫ్యూజన్ సెట్టు (ఆ గొట్టం, అతుకు), కీటోన్ స్ట్రిప్పులు, గ్లూకోజ్ పొడి ఉండాలి. షుగర్ 250 దాటి, పంపుతో ఇచ్చిన మోతాదుకు గంట రెండు గంటల్లో తగ్గకపోతే ఇక పంపును నమ్మొద్దు. పెన్నుతో సూది వేసుకుని, సెట్టు మార్చి, కీటోన్లు చూసుకోవాలి. ఎంత వేసుకోవాలో డాక్టరమ్మతో ముందే రాయించి పెట్టుకో, ఆ కాగితం మీ అమ్మ దగ్గర కూడా ఒకటి ఉంచు. వాంతులు, కడుపు నొప్పి, లోతుగా ఎగశ్వాస కనిపిస్తే ఇంట్లో కూర్చోవద్దు, నేరుగా జనగామ పెద్ద దవాఖానకు. టైప్ 1 షుగర్, ఇన్సులిన్ పంపు ఉందని అక్కడ మొదటి మాటగా చెప్పాలి. ఎక్స్-రే, స్కానింగ్ తీస్తామంటే పంపు తీసి పక్కన పెట్టాలి.

కాబట్టి పంపు పెట్టుకుంటే ఇక సూదులు అక్కర్లేదు, పాత పెన్నులు ఎవరికైనా ఇచ్చేద్దామనే మాట నీ నోట రాకూడదు. సూదులు చక్కగా వేసుకోవడం వచ్చినవాళ్లకే పంపు భద్రం.

ఎండ సంగతి. మే నెలలో మన దగ్గర పొద్దున పదింటికే రేకుల ఇండ్లు కాగిపోతాయి. పంపులో నింపిన ఇన్సులిన్ 37 డిగ్రీలు దాటిన వేడి తగిలితే పాడవుతుంది, చూడడానికి మాత్రం మామూలుగానే ఉంటుంది. ఎండకాలంలో ఎందుకో షుగర్ ఊరికే పెరుగుతున్నది అనిపిస్తే ముందు ఇన్సులిన్‌నే అనుమానించు. చేనుకు పోయేటప్పుడు పంపు బట్టల లోపలి పొరలో, గొట్టం ఎండ తగలకుండా పెట్టుకో. సీసాను ఫ్రిజ్ తలుపులో పెట్టు, డీప్ ఫ్రీజర్‌లో వద్దు. కరెంటు పోతే తడి గుడ్డ చుట్టిన మట్టి కుండ ఇప్పటికీ మంచి ఆసరా.

కరెంటు అంటే గుర్తొచ్చింది, ఒక నిమ్మళమైన మాట. 780జి పంపు మామూలు ఏఏ బ్యాటరీ మీద నడుస్తుంది, ఇక్కడి కిరాణా కొట్టులోనూ దొరుకుతుంది. లెక్కచేసే ప్రోగ్రాం పంపులోనే ఉంటుంది కాబట్టి ఫోన్ సిగ్నల్ పోయినా పని ఆగదు. ఫోన్ కావాల్సింది నీ అంకెలు మీ అమ్మా బాపులకు దూరం నుంచి కనపడడానికి. నువ్వు హాస్టల్‌లో ఉంటే అది మాత్రం చాలా ధైర్యం ఇస్తుంది, అయితే నీ ఫోన్ ఆ యాప్‌కు సరిపోతుందో లేదో కొనకముందే పెట్టి చూడు.

ఇప్పుడు పైసల సంగతి. దీని మీదే నాకు ఎక్కువ ఫికరు. పంపు ధర లక్షల్లో ఉంది. అరెకరం అమ్మితే అది వస్తుంది, నిజమే. కానీ పంపు కొనడం ఖర్చుకు మొదలు మాత్రమే. మామూలు ఇన్ఫ్యూజన్ సెట్టును మూడు రోజులకోసారి మార్చాలి. అంటే ఏడాదికి 120కి పైన సెట్లు, అన్నే ఇన్సులిన్ రిజర్వాయర్లు. సెన్సార్ ఏడు రోజులది, ఏడాదికి 52. పంపుకు మామూలుగా వారంటీ నాలుగేండ్లు ఇస్తారు. ఆ నాలుగేండ్లకు లెక్కకడితే దాదాపు 490 సెట్లు, 208 సెన్సార్లు. మధ్యలో ఊడిపోయినవి, పనిచేయనివి దీనికి అదనం. ఏడు రోజులు ఉండే సెట్లు కూడా వచ్చాయి, అవి నీకు దొరుకుతాయేమో తప్పక అడుగు. కంపెనీవాళ్ల దగ్గర ఒక్కొక్క దాని ధర రాతపూర్వకంగా తీసుకుని ఈ అంకెలతో గుణించి చూడండి. వడ్ల పైసలు, పత్తి పైసలు మన ఇండ్లకు పంట చేతికొచ్చినప్పుడే వస్తాయి. సెన్సార్ మాత్రం వారం వారం అయిపోతుంది. మొదటి అరెకరం పంపును తెస్తుంది, రెండో ఏటి సెన్సార్లకు ఏ అరెకరం అమ్ముతారు? సెన్సార్ లేని రోజున ఆటోమేటెడ్ పంపు ఉత్త పంపు అయిపోతుంది. తెలివంతా సెన్సార్ పంపే అంకెలతోనే వస్తుంది, ఆ అంకె లేకపోతే ముందే పెట్టి ఉంచిన మోతాదులు, నువ్వు చేతితో చెప్పినవి ఇవ్వడమే దాని పని. రెండో ఏడు సెన్సార్లు మానేసి పంపును సంచిలో పెట్టుకు తిరిగే దశ నీకు రాకూడదు. అందుకే నెల నెలా కట్టగల ఆదాయం ఎక్కడిదో ముందు తేల్చుకోండి. నీ చదువైపోయి ఉద్యోగం వచ్చాక, ఆ జీతంలో నుంచి ఈ ఖర్చు తీయగలిగినప్పుడు కొంటే నాకు సంతోషం. భూమి మాత్రం అమ్మొద్దని మీ బాపుకు నా మాటగా చెప్పు.

ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు కాబట్టి పంపు కూడా వస్తుందని ఎవరో అన్నారట. ఆ మాట పట్టుకుని లెక్కలు వేయకండి. దవాఖానలో ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుని, పంపు పేరు, సెన్సార్ పేరు విడివిడిగా చెప్పి అడగండి. జవాబు రాతలో తీసుకోండి. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉంటే వాళ్లనూ అట్లాగే.

ఇక మా పెద్దోడి సంగతి. డాలస్ నుంచి ఫోన్ చేసి, అక్కడ టాండెమ్ పంపు, ఆమ్నిపాడ్ బాగున్నాయట, చెల్లెకు ఒకటి తెస్తానన్నాడు. వాడి ప్రేమకు నా కడుపు నిండింది. అయినా వద్దనే చెప్పాను. ఆమ్నిపాడ్ 5కు గొట్టం లేదు, ఒంటికి అతుక్కునే చిన్న డబ్బా, చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆ డబ్బా మూడు రోజులకు పారేయాలి, నెలకు పది కావాలి. పదో డబ్బా అయిపోయిన రోజున డాలస్ నుంచి వచ్చే మనిషి కోసం ఎదురుచూడాలి. టాండెమ్ పంపు కొన్ని సెన్సార్లతోనే కలుస్తుంది, ఇక్కడ మెడికల్ షాపులో దొరికే ప్రతి సెన్సార్ దానికి పలకదు. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందని ఎవరూ రాసివ్వరు. అర్ధరాత్రి పంపు ఆగిపోతే ఫోన్ ఎత్తి తెలుగులోనో హిందీలోనో మాట్లాడే మనిషి ఉండాలి, మరుసటి రోజు హైదరాబాద్ నుంచి బదులు పంపు పంపేవాళ్లు ఉండాలి. ఇది లేని పంపు ఎంత గొప్పదైనా నీకు సరిపడదు. ఫోన్‌లో చూపించే సెకండ్ హ్యాండ్ పంపులు కూడా వద్దు. దాని వారంటీ ఎవరి పేరున ఉందో, ఎన్నిసార్లు కింద పడిందో నీకు తెలియదు. ప్రాణాన్ని మోసే వస్తువు అది. మా పెద్దోడు నిజంగా సాయం చేయాలనుకుంటే ఏడాదికి సరిపడా సెన్సార్ల పైసలు పంపమని చెప్పాను, ఒప్పుకున్నాడు కూడా.

నేను ఇంతగా సెన్సార్, సెన్సార్ అంటున్నది ఊరికే కాదు. పంపు కొనకుండా సెన్సార్ ఒక్కటీ వాడొచ్చు. ఫ్రీస్టైల్ లిబ్రె వంటిది 14 రోజులు చేతి మీద ఉంటుంది. దానితో ఏ పూట ఏ తిండికి షుగర్ ఎక్కడికి పోతున్నదో నీకు గీతలా కనిపిస్తుంది. ప్రతి నెలా పెట్టలేకపోతే రెండు నెలలకోసారి పెట్టినా నేర్చుకునేది చాలా ఉంటుంది. పేదింట్లో పుట్టినందుకు తక్కువ రకం వైద్యం చేసుకుంటున్నానని ఎన్నడూ కుంగిపోకు. అమెరికా, కెనడాల్లో 1983 నుంచి 1993 దాకా 1,441 మంది టైప్ 1 వాళ్ల మీద డీసీసీటీ అనే పెద్ద పరిశోధన జరిగింది. రోజుకు మూడు నాలుగు సూదులతోనో, ఆ రోజుల్లోని ఉత్త పంపుతోనో షుగర్‌ను శ్రద్ధగా అదుపులో పెట్టుకున్నవాళ్లకు కంటి జబ్బు వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. అప్పటికి ఆటోమేటెడ్ పంపు అనేదే లేదు. వాళ్లను కాపాడింది రోజూ చూసుకోవడం, లెక్కతో వేసుకోవడం, డాక్టరు దగ్గరికి క్రమం తప్పకుండా పోవడం. ఆ మూడూ నువ్వు ఇప్పుడే చేయగలవు.

నిన్ను చూసి పోవడానికి వచ్చిన చుట్టాల్లో ఒకరు ఆకు పసరు తాగితే ఇన్సులిన్ మానేయొచ్చన్నారని మీ అమ్మ చెప్పింది. బిడ్డా, నీది మీ నానమ్మకు వచ్చిన షుగర్ లాంటిది కాదు. నీ ఒంట్లో ఇన్సులిన్ తయారుకాదు. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏండ్ల లెనార్డ్ థాంప్సన్ అనే పిల్లవాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతకలేదు. ఏ పండుగకు, ఏ మొక్కుకు, ఏ ఉపవాసానికి కూడా ఇన్సులిన్ మానేయవద్దు. జ్వరం వచ్చి అన్నం తినలేని రోజున కూడా పూర్తిగా ఆపకూడదు, ఎంత వేసుకోవాలో డాక్టరమ్మకు ఫోన్ చేసి అడగాలి.

పెండ్లి సంబంధాల మాట కూడా నా చెవిన పడింది. నడుముకు పంపు కనిపిస్తే సంబంధాలు తప్పిపోతాయని మీ మేనత్త భయపడుతున్నది. పంపు ఉన్నా లేకున్నా ఈ సంగతి దాచి పెండ్లి చేయడానికి నేను ఒప్పుకోను. దాచిన ఇంట్లో నువ్వు బాత్రూంలో దాక్కుని సూది వేసుకోవాలి, షుగర్ పడిపోయినా గ్లూకోజ్ అడగలేవు. తెలిసి, చక్కెర డబ్బా నీ మంచం పక్కన పెట్టే ఇల్లే నీకు తగిన ఇల్లు. అటువంటి ఇల్లు దొరికేదాకా ఆగుదాం. నీ చదువు నిన్ను నిలబెడుతుంది.

పంపు మీద నీ మనసు ఇంకా ఉంటే, కొనే ముందు పెట్టుకుని చూసే ఏర్పాటు చేయమని డాక్టరమ్మను అడుగు. ఉస్మానియాలో, నిమ్స్‌లో ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. పంపు వాడేవాళ్లు ఎవరైనా వస్తున్నారా అని అక్కడ అడిగి వాళ్లతో మాట్లాడు. రెండేండ్లకు పైగా వాడుతున్న మనిషి మాట కంపెనీవాళ్ల మాట కన్నా నాకు ఎక్కువ. అలారం రాత్రిపూట ఎన్నిసార్లు మోగుతుందో, చర్మం ఎర్రబడి దద్దుర్లు వచ్చాయో లేదో, ఏ నెలలో సామాను దొరకలేదో వాళ్లే చెప్తారు. నేర్పే మనిషి ఎన్ని రోజులు నీ వెంట ఉంటాడో, జనగామ దాకా వస్తాడో, ఫోన్ మీదనే నడిపిస్తాడో అది కూడా కనుక్కో.

వచ్చే ఆదివారం అమ్మనూ బాపునూ తీసుకుని మా ఇంటికి రా. కంపెనీ ఇచ్చిన ధరల కాగితం, ఈ మూడు నెలల షుగర్ పుస్తకం, చివరిసారి చేయించిన హెచ్‌బీఏ1సీ రిపోర్టు పట్టుకురా. తూకం మిషన్ ఇంట్లో ఉంది. మీ పెద్దమ్మ జొన్నరొట్టెలు చేస్తానన్నది, పిండి నువ్వే తూచి లెక్క చెప్పు.